కుర్చీ ఒకరిది, అధికారం ఇంకొకరిది: కమ్యూనిస్టు దేశాల్లో దేశాధినేత పదవి కథ



పోయిన వారం మన గ్రూపులో ఒక చర్చ నడిచింది. మనోళ్ళు పెద్ద కుర్చీలో కూర్చుంటే మనకు అధికారం వచ్చినట్టేనా అని. కొందరు వచ్చినట్టే అన్నారు. కొందరు అదంతా బొమ్మ కుర్చీ, దండలకే పనికొస్తుంది అన్నారు. నాకు రెండూ పూర్తిగా సరైనవి అనిపించలేదు. నేను డిగ్రీలో హిస్టరీ చదువుతున్నాను కాబట్టి ఈ ప్రశ్నకు చరిత్రలో ఏం జవాబు ఉందో వెతికాను. రైతులు, కూలీలదే రాజ్యం అని చెప్పుకున్న సోవియట్ యూనియన్, చైనా దేశాల్లో ఈ కుర్చీ కథ చాలా దూరం నడిచింది. పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక చిన్న తేడా తెలుసుకోవాలి. ఏ దేశంలోనైనా దేశాధినేత వేరు, ప్రభుత్వాన్ని నడిపే నాయకుడు వేరు కావచ్చు. మన దగ్గర రాష్ట్రపతి, ప్రధానమంత్రి ఉన్నట్టు. రాయబారుల పత్రాలు తీసుకోవడం, చట్టాల మీద సంతకం పెట్టడం, పతకాలు ఇవ్వడం, విదేశీ అతిథులకు స్వాగతం చెప్పడం దేశాధినేత పని. కమ్యూనిస్టు దేశాల్లో వీళ్ళిద్దరికీ పైన మూడో మనిషి ఉంటాడు. పార్టీ ప్రధాన కార్యదర్శి. అసలు నిర్ణయం పార్టీ పొలిట్‌బ్యూరోలో జరుగుతుంది, తర్వాత అది ప్రభుత్వం పేరుతో కాగితం మీదికి వస్తుంది. ఈ మూడు కుర్చీలు గుర్తు పెట్టుకుంటే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది.

జార్ పోయాక ఎవరు?

1917లో రష్యాలో విప్లవం వచ్చింది. జార్ చక్రవర్తి పోయాడు. బోల్షివిక్కులకు ఒక్క మనిషి చేతిలో ఉండే ప్రెసిడెంట్ పదవి ఇష్టం లేదు. మళ్ళీ ఇంకో జార్‌ని తెచ్చుకున్నట్టు అవుతుందని. అందుకే కమిటీని పెట్టారు. సోవియట్ల కేంద్ర కార్యనిర్వాహక కమిటీ దాని పేరు. ఆ కమిటీ అధ్యక్షుడే లెక్క ప్రకారం దేశాధినేత.

మొదట్లో కొద్ది రోజులు కామెనెవ్, ఆ తర్వాత స్వెర్ద్‌లోవ్ ఆ స్థానంలో ఉన్నారు. స్వెర్ద్‌లోవ్ కాలంలో ఆ కుర్చీకి బరువుండేది. ఎందుకంటే పార్టీ ఆఫీసు పని కూడా ఆయన చేతిలోనే ఉండేది. ఏ ఊరికి ఎవరిని పంపాలి, ఎవరికి ఏ పని ఇవ్వాలి అన్నీ ఆయనే చూసేవాడు. 1919 మార్చిలో జబ్బు చేసి 33 ఏళ్ళకే చనిపోయాడు.

ఆయన చేసిన రెండు పనులూ అప్పుడు విడిపోయాయి. పార్టీ ఆఫీసు పని వేరే వాళ్ళకు పోయింది, 1922లో స్టాలిన్ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. దేశాధినేత కుర్చీ మాత్రం 1919 మార్చి 30న మిఖాయిల్ కాలినిన్‌కి దక్కింది. కుర్చీ అదే, పేరు అదే. దానికి ఆనుకుని ఉన్న పార్టీ పని పోయేసరికి బరువు పోయింది.

కాలినిన్: రైతు బిడ్డ, దేశానికి పెద్దమనిషి

కాలినిన్ 1875లో త్వేర్ ప్రాంతంలో ఒక పల్లెలో పేద రైతు ఇంట్లో పుట్టాడు. తర్వాత పీటర్స్‌బర్గ్‌లో పుతిలోవ్ ఫ్యాక్టరీలో లోహం పని చేశాడు. గడ్డం, కళ్ళద్దాలు, రైతు మాట తీరు. రష్యాలో అప్పుడు ఎక్కువ మంది రైతులే. వాళ్ళకు పార్టీ మీద అనుమానం ఉండేది. మా ధాన్యం లాక్కుపోతున్నారు, వీళ్ళంతా పట్నపోళ్ళు అని. అలాంటి సమయంలో, చూడండి, మీలో ఒకడే దేశానికి పెద్ద అని చూపించడానికి కాలినిన్ కన్నా మంచి మనిషి దొరకడు.

జనం ఆయన్ని ‘స్తారోస్తా’ అన్నారు. ఊరి పెద్ద అని అర్థం. మన గూడెంలో పటేల్ అన్నట్టే అనుకోండి. అంతర్యుద్ధం రోజుల్లో ‘అక్టోబర్ విప్లవం’ అనే ప్రచార రైలులో ఊరూరా తిరిగి రైతులతో మాట్లాడాడు. మాస్కోలో ఆయన ఆఫీసుకి దూర దూరాల నుంచి జనం దరఖాస్తులు పట్టుకుని వచ్చేవాళ్ళు. పన్ను ఎక్కువ వేశారు, ఆవును పట్టుకుపోయారు, కొడుకుని జైల్లో పెట్టారు, ఇలాంటివి. కొందరికి ఆయన వల్ల సాయం అందింది కూడా. అందుకే ఆ కుర్చీ వట్టిదే అని ఒక్క మాటలో తేల్చేయలేం. కలెక్టరాఫీసులో గ్రీవెన్స్ రోజున మన సంగతి చెప్పుకోవడానికి ఒక మనిషి ఉంటే ఎంత ఊరటగా ఉంటుందో మనకు తెలుసు.

కానీ అసలు విషయం వేరే ఉంది. ఒక ఆవుని తిరిగి ఇప్పించగలిగినాయన, ఆవుల్ని లాక్కునే విధానాన్ని ఆపలేకపోయాడు.

1929 నుంచి స్టాలిన్ రైతుల భూముల్ని బలవంతంగా సమష్టి క్షేత్రాల్లో కలిపించాడు. 1932–33లో ఉక్రెయిన్, కజకిస్తాన్, ఇంకా చాలా ప్రాంతాల్లో కరువు వచ్చి లక్షల మంది చనిపోయారు. అదే 1932 ఆగస్టు 7న ఒక చట్టం వచ్చింది. సమష్టి క్షేత్రం ఆస్తి దొంగిలిస్తే మరణశిక్ష, ఏదైనా మినహాయింపు ఉంటే 10 ఏళ్ళ జైలు. కోత అయిపోయిన పొలంలో రాలిన కంకులు ఏరుకున్న వాళ్ళను కూడా ఈ చట్టం కింద పట్టుకున్నారు. అందుకే జనం దాన్ని కంకుల చట్టం అన్నారు. ఆ కాగితం మీద ముగ్గురి సంతకాలు ఉన్నాయి. ప్రధాని మొలొతోవ్, కమిటీ కార్యదర్శి యెనుకిద్జే, అధ్యక్షుడు కాలినిన్. దాన్ని పట్టుబట్టి తెచ్చిన స్టాలిన్ సంతకం లేదు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. 1923 నుంచి 1941 మే దాకా స్టాలిన్ ప్రధాని కాదు, మంత్రి కూడా కాదు. పార్టీ కార్యదర్శి, అంతే. దేశం మొత్తం ఆయన చేతిలో ఉంది, కాగితాల మీద పేరు మాత్రం వేరే వాళ్ళది. రైతుని ఆకలికి శిక్షించే చట్టం మీద రైతు బిడ్డ సంతకం పెట్టాడు. 1940 జూన్ 26న ఫ్యాక్టరీ కార్మికుల మీద ఇంకో ఉత్తర్వు వచ్చింది. అనుమతి లేకుండా ఉద్యోగం మానేస్తే 2 నుంచి 4 నెలల జైలు. పనికి డుమ్మా కొడితే 6 నెలల దాకా జీతంలో కోతతో శిక్ష. 20 నిమిషాల కన్నా ఆలస్యంగా వచ్చినా డుమ్మా కిందే లెక్క. దాని మీదా ఫ్యాక్టరీ కార్మికుడిగా బతికిన కాలినిన్ సంతకమే. 1941 ఆగస్టు 28న వోల్గా నది పక్కన తరతరాలుగా ఉంటున్న జర్మన్ జాతి వాళ్ళను మొత్తంగా సైబీరియా, కజకిస్తాన్‌లకు తరలించమన్న ఉత్తర్వు మీద కూడా అదే సంతకం. ఒక జాతి మొత్తాన్ని వాళ్ళ నేల మీద నుంచి లేపడం అంటే ఏంటో మన గ్రూపులో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

చిన్న జాతుల అధ్యక్షులు

ఈ భాగం నన్ను బాగా ఆలోచింపజేసింది. 1922 డిసెంబర్ 30న సోవియట్ యూనియన్ ఏర్పడింది. రష్యా ఒక్కటే పెత్తనం చేస్తోందని అనిపించకూడదని కేంద్ర కమిటీకి ఒక్క అధ్యక్షుడు కాకుండా రిపబ్లిక్‌కి ఒకరు చొప్పున పెట్టారు. రష్యా నుంచి కాలినిన్, ఉక్రెయిన్ నుంచి పెత్రోవ్‌స్కీ, బెలారస్ నుంచి చెర్వ్యకోవ్, కాకసస్ వైపు నుంచి నరిమనోవ్. తర్వాత ఉజ్బెక్‌ల తరఫున ఫైజుల్లా ఖోజాయెవ్, తుర్క్‌మెన్‌ల తరఫున ఐతకోవ్ వచ్చారు. వినడానికి ఎంత బాగుంది! ప్రతి జాతికీ దేశం నెత్తిన ఒక కుర్చీ.

మరి వాళ్ళకు ఏమైంది? నరిమనోవ్ 1925లో చనిపోయాడు. ఆయన స్థానంలో వచ్చిన ముసాబెకోవ్‌ని 1938లో కాల్చి చంపారు. ఖోజాయెవ్‌ని 1938 మార్చిలో మాస్కోలో బహిరంగ విచారణ జరిపి కాల్చేశారు. ఐతకోవ్‌ని కూడా 1938లోనే కాల్చేశారు. చెర్వ్యకోవ్ 1937 జూన్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. పెత్రోవ్‌స్కీ పదవి పోగొట్టుకుని, ప్రాణాలతో మిగిలి, మాస్కోలో ఒక మ్యూజియంలో ఉద్యోగం చేసుకుని బతికాడు.

లెక్క ప్రకారం వీళ్ళంతా దేశాధినేతలు. ఆ కుర్చీ వాళ్ళ జాతిని కాపాడడం అటుంచి, అందులో కూర్చున్న మనిషినే కాపాడలేదు.

కాలినిన్ బతికాడు. కానీ ఎలా? 1936 రాజ్యాంగం వచ్చాక ఆ పదవి పేరు మారి సుప్రీం సోవియట్ ప్రిసీడియం అధ్యక్షుడు అయింది. 1938 జనవరిలో కాలినిన్ అందులోనూ కూర్చున్నాడు. అదే ఏడాది అక్టోబర్‌లో ఆయన భార్య ఎకతెరినాను అరెస్టు చేశారు. 15 ఏళ్ళ శిక్ష వేసి క్యాంపుకి పంపారు. దేశాధినేత భార్య క్యాంపులో, దేశాధినేత క్రెమ్లిన్‌లో పతకాలు పంచుతూ, చట్టాల మీద సంతకాలు పెడుతూ. శిక్షలు తగ్గించే అధికారం, క్షమాభిక్ష పెట్టే అధికారం ఉన్న సంస్థకు ఆయనే అధ్యక్షుడు! ఆమె 1945లో గానీ బయటకు రాలేదు. 1946 జూన్‌లో ఆయన చనిపోయాడు. ఆ తర్వాతి నెలలో జర్మనీ నుంచి గెలుచుకున్న కోనిగ్స్‌బర్గ్ నగరానికి కాలినిన్‌గ్రాద్ అని పేరు పెట్టారు. ఆ పేరు ఇప్పటికీ ఉంది.

కుర్చీ పక్కకు జరిపే చోటు అయింది

కాలినిన్ తర్వాత ష్వెర్నిక్, 1953లో స్టాలిన్ చనిపోయాక మార్షల్ వోరోషిలోవ్. 1960లో ఆ వోరోషిలోవ్ అతిథిగా మన దేశానికీ వచ్చాడు. అదే ఏడాది మేలో ఆయన్ని దించి బ్రెజ్నెవ్‌ని కూర్చోబెట్టారు. బ్రెజ్నెవ్ 1961 డిసెంబర్‌లో ఇండియా పర్యటనకు వచ్చాడు. సరిగ్గా అప్పుడే మన సైన్యం గోవాను పోర్చుగీసు వాళ్ళ నుంచి విడిపించింది. బ్రెజ్నెవ్ ఇక్కడే ఉండి దానికి మద్దతు పలికాడు. కానీ ఆ రోజుల్లో ఆయన మాటకు బరువు ఆయన కుర్చీ నుంచి రాలేదు, మాస్కోలో కూర్చున్న ఖ్రుష్చెవ్ నుంచి వచ్చింది.

1964 జూలైలో బ్రెజ్నెవ్ ఈ పదవి వదిలి పూర్తిగా పార్టీ పనికి మళ్ళాడు. కుర్చీ మికోయాన్‌కి వెళ్ళింది. మూడు నెలలకు అక్టోబర్‌లో ఖ్రుష్చెవ్‌ని దించేసి బ్రెజ్నెవ్ పార్టీ నాయకుడు అయ్యాడు. మరుసటి ఏడాది డిసెంబర్‌లో పార్టీ కార్యదర్శుల్లో తనకు పోటీగా ఉన్న పోద్గోర్నీని తెచ్చి దేశాధినేత కుర్చీలో కూర్చోబెట్టారు. పైకి చూస్తే ప్రమోషన్. నిజానికి పార్టీ ఆఫీసు నుంచి తప్పించడం. మనూర్లలో కూడా గట్టిగా మాట్లాడేవాణ్ణి గౌరవ అధ్యక్షుణ్ణి చేసి స్టేజీ మీద కూర్చోబెడతారు కదా, మైకు మాత్రం ఇవ్వరు. అలాంటిదే.

బ్రెజ్నెవ్‌కి ఆ కుర్చీ ఎందుకు కావాల్సి వచ్చింది?

ఇక్కడ కథ మలుపు తిరిగింది. 1970ల్లో అమెరికా, యూరప్ దేశాలతో ఒప్పందాలు మొదలయ్యాయి. 1972లో మాస్కోలో అమెరికా ప్రెసిడెంట్ నిక్సన్‌తో అణ్వాయుధాల ఒప్పందం మీద బ్రెజ్నెవ్ సంతకం పెట్టాడు. 1975లో హెల్సింకీలో కూడా సంతకం పెట్టాడు. రెండు చోట్లా ఆయన హోదా పార్టీ ప్రధాన కార్యదర్శి. అవతలి వాళ్ళేమో దేశాధినేతలు, ప్రధానులు. దేశం లోపల అందరికీ తెలుసు ఎవరు పెద్దో. బయట ప్రోటోకాల్ లెక్కలో మాత్రం పార్టీ నాయకుడికి స్థానం లేదు.

1977 మే 24న పోద్గోర్నీని పొలిట్‌బ్యూరో నుంచి తీసేశారు. జూన్ 16న బ్రెజ్నెవ్ ఆ కుర్చీ ఎక్కాడు. పార్టీ కుర్చీ, దేశాధినేత కుర్చీ రెండూ ఒకే మనిషి దగ్గరికి రావడం సోవియట్ చరిత్రలో అదే మొదటిసారి. అక్టోబర్‌లో కొత్త రాజ్యాంగం వచ్చింది. అందులో 6వ అధికరణం సమాజాన్ని నడిపించే శక్తి పార్టీయే అని నేరుగా రాసింది. మొదటి ఉపాధ్యక్షుడు అనే కొత్త పదవి కూడా పెట్టారు. రోజువారీ పనులు చూసుకోవడానికి కుజ్నెత్సోవ్ అనే పెద్దాయన్ని తెచ్చారు. అంటే గౌరవం పెద్దాయనకు, కష్టం ఉపాధ్యక్షుడికి.

తర్వాత ఆంద్రోపోవ్, చెర్నెంకో కూడా రెండు పదవులూ తీసుకున్నారు. 1985లో గోర్బచెవ్ పార్టీ నాయకుడు అయ్యాక మళ్ళీ పాత పద్ధతి. 28 ఏళ్ళు విదేశాంగ మంత్రిగా ఉన్న గ్రొమికోని తీసుకెళ్ళి దేశాధినేతని చేశారు. విదేశాంగ శాఖ ఖాళీ కావాలి, గ్రొమికోకి అవమానం జరగకూడదు. రెండూ కుదిరాయి. 1988లో గోర్బచెవే ఆ కుర్చీ తీసుకున్నాడు.

1990 మార్చిలో గోర్బచెవ్ ఒక పెద్ద పని చేశాడు. 6వ అధికరణం నుంచి పార్టీ గుత్తాధిపత్యం తీసేయించి, ప్రెసిడెంట్ అనే కొత్త పదవి పెట్టి, మార్చి 15న అందులోకి వచ్చాడు. 70 ఏళ్ళుగా బరువు లేని కుర్చీకి మొదటిసారి అసలైన అధికారం రాసిచ్చారు. కానీ ఆయన్ని ఎన్నుకున్నది జనం కాదు, ప్రతినిధుల సభ. 1991 జూన్‌లో రష్యా రిపబ్లిక్ ప్రెసిడెంట్‌గా యెల్త్సిన్ నేరుగా జనం ఓట్లతో గెలిచాడు. ఆగస్టులో గోర్బచెవ్ మీద కుట్ర జరిగింది, అందులో ఆయన సొంత ఉపాధ్యక్షుడు యనాయెవ్ కూడా ఉన్నాడు. డిసెంబర్ 25న గోర్బచెవ్ రాజీనామా చేశాడు. పాత బలం పార్టీది, దాన్ని తనే పక్కన పెట్టాడు. కొత్త బలం జనం ఓటుది, దాన్ని తెచ్చుకోలేదు. మధ్యలో రాజ్యాంగంలో రాసిన కుర్చీ ఒక్కటే నిలబడలేకపోయింది.

చైనా: రాజ్యాంగం పట్టుకున్న అధ్యక్షుడు

చైనాలో 1954 రాజ్యాంగం రిపబ్లిక్ అధ్యక్ష పదవి పెట్టింది. మొదట మావో. 1959 ఏప్రిల్‌లో మావో అది వదిలేసి పార్టీ చైర్మన్‌గానే ఉన్నాడు, లియు షావోచీ అధ్యక్షుడు అయ్యాడు. లియు ఉత్త బొమ్మ కాదు. పార్టీలో రెండో స్థానం ఆయనది. పెద్ద కరువు తర్వాత దేశాన్ని గాడిలో పెట్టిన వాళ్ళలో ఆయనొకడు. అదే మావోకి నచ్చలేదు.

1966లో సాంస్కృతిక విప్లవం మొదలైంది. 1967 ఆగస్టులో లియుని ఆయన ఇంటి ఆవరణలోనే గుంపు మధ్య నిలబెట్టి తిట్టి కొట్టారు. తర్వాత ఆయన రాజ్యాంగం పుస్తకం చేతిలో పట్టుకుని, నేను ఈ దేశ అధ్యక్షుణ్ణి, నన్ను తీసేయాలంటే జాతీయ ప్రజా కాంగ్రెస్ తీసేయాలి అని అడిగాడని చెబుతారు. ఆయన చెప్పింది అక్షరాలా చట్టమే. కానీ ఆ కాంగ్రెస్ 1965 నుంచి 1975 దాకా సమావేశమే కాలేదు. 1968 అక్టోబర్‌లో పార్టీ సమావేశం ఒకటి పెట్టి ఆయన్ని పార్టీ నుంచి, అన్ని పదవుల నుంచి తీసేశారు. 1969 నవంబర్ 12న కైఫెంగ్‌లో మందులు, చూసేవాళ్ళు సరిగ్గా లేక చనిపోయాడు. దహనం రికార్డులో వేరే పేరు రాశారు. 1980లో పార్టీయే ఆయన నిర్దోషి అని ప్రకటించింది.

ఇక్కడ నాకు ఒక కష్టమైన ప్రశ్న వచ్చింది. లియు అధికారంలో ఉన్నప్పుడు 1957లో చాలా మంది చదువుకున్న వాళ్ళను విచారణ లేకుండా శిక్షించారు. అప్పుడు ఆయన రాజ్యాంగం తీయలేదు. బలహీనుల కోసం ఎవరూ వాడని పుస్తకం, తన వంతు వచ్చేసరికి తనకూ పని చేయలేదు.

1975 రాజ్యాంగంలో ఆ పదవినే తీసేశారు. మావో చనిపోయాక 1982 డిసెంబర్‌లో మళ్ళీ తెచ్చారు, ఈసారి చాలా వరకు లాంఛనంగానే. రెండు విడతల కన్నా ఎక్కువ ఉండకూడదని హద్దు కూడా పెట్టారు. 1983లో లీ షియెన్నియెన్, 1988లో యాంగ్ షాంగ్‌కున్ వచ్చారు. అసలు పెద్ద తెంగ్ షియావోపింగ్ ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. ఆయన దగ్గర సైనిక కమిషన్ ఉంది, అది చాలు. 1993లో జియాంగ్ జెమిన్ నుంచి పార్టీ, సైన్యం, దేశాధినేత మూడూ ఎక్కువ కాలం ఒక్కరి దగ్గరే ఉంటున్నాయి. 2018 మార్చి 11న రెండు విడతల హద్దు ఎత్తేశారు. అనుకూలంగా 2,958 ఓట్లు, వ్యతిరేకంగా 2. పార్టీ నాయకత్వానికి, సైనిక కమిషన్‌కి అలాంటి హద్దు రాతలో ముందు నుంచీ లేదు. మిగిలిన ఒక్క హద్దూ ఈ లాంఛన పదవికే ఉండేది, అదీ పోయింది.

మనం ఏం తీసుకోవాలి

మన రాష్ట్రపతి పదవి కూడా ఎక్కువగా లాంఛనమే. మంత్రిమండలి సలహా ప్రకారం నడవాలని 74వ అధికరణం చెబుతుంది. 2022 జూలై 25న సంతాల్ బిడ్డ ద్రౌపది ముర్ము గారు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు మా హాస్టల్లో అందరం టీవీ ముందు నిలబడ్డాం. ఆ గర్వం నిజమైనది, దాన్ని ఎవరూ తక్కువ చేయనక్కర్లేదు. ఇక్కడ కోర్టు ఉంది, ఎన్నిక ఉంది, పత్రిక ఉంది. కాలినిన్‌కి అవేమీ లేవు. అందుకే రెండింటినీ ఒకే గాటన కట్టడం తప్పు.

కానీ సంతకం సంగతి మాత్రం మనకూ వర్తిస్తుంది. మన భూమిని కాపాడే 1/70 చట్టం ఎక్కడి నుంచి వచ్చింది? 5వ షెడ్యూల్ ప్రకారం గవర్నర్ చేసిన రెగ్యులేషన్ అది. అలాంటి రెగ్యులేషన్‌కి రాష్ట్రపతి ఆమోదం ఉండాలి. రెండూ లాంఛన పదవులే అంటాం కదా. ఆ రెండు సంతకాల వల్లే ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారకూడదు అని చట్టం అయింది. శ్రీకాకుళం గిరిజన పోరాటం నడుస్తున్న రోజుల్లో, 1970లో అది వచ్చింది. తర్వాత కొట్టేయమని కొందరు కోర్టుకి వెళ్తే 1988లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది.

కంకుల చట్టం మీదా లాంఛన పదవిలో ఉన్న మనిషి సంతకమే ఉంది, 1/70 మీదా అలాంటి సంతకాలే ఉన్నాయి. ఒకటి రాలిన కంకులు ఏరుకున్నోళ్ళ మెడకు చుట్టుకుంది, ఇంకోటి మన పొలం గట్టుని కాపాడింది. మొదటి సంతకం వెనక ఎవరికీ జవాబు చెప్పని పార్టీ ఆఫీసు ఉంది. రెండో దాని వెనక కొండల మీద జనం పోరాటం ఉంది, దాన్ని నిలబెట్టే కోర్టు ఉంది.

కాబట్టి మనోళ్ళు ఎవరైనా సర్పంచ్ అయినా, ఎంపీపీ అయినా, ఇంకా పెద్ద పదవికి వెళ్ళినా, ముందు సంతోషపడదాం. తర్వాత ఈ మూడూ అడుగుదాం. ఆ కుర్చీలో సంతకం పెట్టే కాగితం ఎక్కడ తయారవుతోంది? వద్దు అని చెప్పే హక్కు ఆ కుర్చీకి ఉందా? అలా చెప్తే ఆ మనిషి వెనక నిలబడడానికి ఎవరున్నారు? మూడో ప్రశ్నకు జవాబు మాత్రం మన దగ్గరే ఉంది. సర్పంచ్ చేత ఇంకెవరో సంతకం పెట్టించుకుంటున్నారని ఊరంతా గొణుక్కుంటాం, గ్రామసభ రోజు మాత్రం పనికి పోతాం. పీసా చట్టం 1996లోనే వచ్చింది. ఈసారి మీ ఊళ్ళో గ్రామసభ జరిగితే వెళ్ళండి, తీర్మానం పుస్తకంలో ఏం రాశారో చదివించుకుని అప్పుడు సంతకం పెట్టండి.

మీ ఊళ్ళో ఈ కుర్చీల సంగతి ఎలా ఉందో కింద రాయండి. జోహార్.